పేరు ఒక్కటే, మనుషులు వేరు: ఈ తికమక ఎక్కడ పుడుతుంది?

సంక్షిప్తంగా: ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ప్రసిద్ధులు ఉండటం వింత కాదు. వాడుకలో ఉన్న పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకే ప్రతి కాలంలోనూ పేరుకు తోడుగా మరో గుర్తు పెట్టుకున్నారు. ఒకచోట అది తండ్రి పేరు, మరోచోట ఊరు, ఇంకోచోట వరుస సంఖ్య లేదా పేరు మధ్యలో ఒక అక్షరం. ఇప్పుడైతే పదహారు అంకెల నంబరు. ఆ తోడు గుర్తు జారిపోయిన చోటే ఒకరి పని మరొకరి ఖాతాలో పడుతుంది. ఎక్కువ పేరున్న వ్యక్తి తక్కువ పేరున్న వ్యక్తిని మింగేయడం కూడా అక్కడే మొదలవుతుంది.

చర్చిల్‌కు చర్చిల్ రాసిన ఉత్తరం

1899 జూన్‌లో లండన్ నుంచి అమెరికాకు ఒక ఉత్తరం వెళ్లింది. రాసింది విన్‌స్టన్ చర్చిల్. అందుకున్నదీ విన్‌స్టన్ చర్చిలే. రాసినాయన 24 ఏళ్ల యువకుడు. సైన్యంలో పనిచేసి బయటికొచ్చి, యుద్ధ వార్తలు రాస్తూ అప్పుడప్పుడే గుర్తింపు తెచ్చుకుంటున్నాడు. అందుకున్నాయన ఆయనకంటే మూడేళ్లు పెద్ద. అమెరికాలో బాగా అమ్ముడుపోతున్న నవలా రచయిత.

ఇద్దరి రాతలూ పాఠకులు కలిపేసుకునే ప్రమాదం ఉందని బ్రిటన్ చర్చిల్ గుర్తించాడు. ఇకపై తన రచనల మీద ‘విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్’ అని రాసుకుంటానని ఉత్తరంలో మాట ఇచ్చాడు. తనకు ఇంకో పేరేదైనా ఉండి ఉంటే తానూ అలాగే చేసేవాణ్నని అమెరికా చర్చిల్ మర్యాదగా బదులిచ్చాడు. ఆ తర్వాత బ్రిటన్ చర్చిల్ ప్రధాని అయ్యాడు, 1953లో సాహిత్యంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన పుస్తకాల మీద పేరు మధ్యలో ‘ఎస్’ అనే అక్షరం మాత్రం అలాగే ఉండిపోయింది. అమెరికా చర్చిల్ కూడా రాజకీయాల్లోకి వెళ్లి న్యూహాంప్‌షైర్ శాసనసభకు రెండుసార్లు ఎన్నికయ్యాడు. ఈ రోజు ఆయన పేరు సాహిత్య చరిత్ర చదివేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. 1899లో పేరు మార్చుకున్నది తక్కువ పేరున్న వ్యక్తి. అప్పటికి ఆ వ్యక్తి బ్రిటన్ చర్చిల్. ఎవరికి పేరు ముందొస్తే వాళ్లకే ఆ పేరు దక్కుతుందనేది అప్పటి మర్యాద. ఆ పేరు చివరికి ఎవరిదిగా నిలిచిపోతుందో తేల్చింది మాత్రం తర్వాతి యాభై ఏళ్లు.

ఇంతమందికి ఒకే పేరు ఎలా వస్తుంది?

మొదటి కారణం లెక్కల్లోనే ఉంది. ఒక రంగంలో వెయ్యి మంది ప్రసిద్ధులు ఉంటే, వాళ్లను ఇద్దరిద్దరుగా 4,99,500 రకాలుగా జత చేయవచ్చు. మనుషుల సంఖ్య రెట్టింపు అయితే జతలు దాదాపు నాలుగు రెట్లవుతాయి. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించి ఉంటుందన్న ప్రసిద్ధ లెక్క కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మన పేరే ఇంకొకరికి ఉండటం అరుదుగా అనిపించవచ్చు. ఎవరో ఇద్దరికి ఒకే పేరు ఉండటం మాత్రం దాదాపు ఖాయం. పైగా పేర్లు అందరికీ సమానంగా పంచినట్టు ఉండవు. కొన్ని పేర్లు లక్షల మందికి ఉంటాయి, కొన్ని ఒక్కరికే.

రెండో కారణం, వాడుకలో ఉన్న పేర్లు కొద్దిగా ఉండటం. ప్రాచీన రోమ్‌లో మగపిల్లలకు పెట్టే సొంత పేర్లలో బాగా వాడుకలో ఉన్నవి ఇరవై లోపే. అందుకే జూలియస్ సీజర్‌ను ఒక్క పేరుతో గుర్తుపట్టడం కష్టం. గాయస్ జూలియస్ సీజర్ అనేది ఆయన పేరే కాదు, ఆయన తండ్రి పేరు కూడా. క్రీ.పూ. 44లో సీజర్ హత్య తర్వాత, వీలునామా ద్వారా దత్తపుత్రుడైన ఆక్టేవియన్ కూడా అదే పేరు పెట్టుకున్నాడు. ఆక్టేవియన్ అని పిలిచేది చరిత్రకారులే. ఆ యువకుడు తనను తాను సీజర్ అనే చెప్పుకున్నాడు. ఆ పేరు వెనకున్న సైన్యం, అభిమానం అంతా అతనికి కావాలి కదా. చదివేవాళ్లు తికమకపడకూడదని తర్వాతివాళ్లు పేరు మార్చి రాస్తున్నారు.

కొరియాలో తికమకకు మూలం ఇంటిపేర్లు. దక్షిణ కొరియాలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు కిమ్. లీ, పార్క్ కూడా కలిపితే నూటికి నలభై మందికి పైగా ఈ మూడు ఇంటిపేర్లవాళ్లే. ఆ దేశపు మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం దీనికి ఒక తేలికైన ఉపాయం కనిపెట్టింది. ఒకే పేరున్న క్రీడాకారిణులకు చేరిన వరుసలో అంకెలు ఇస్తుంది. 2019లో అమెరికా మహిళల ఓపెన్ గెలిచిన లీ జియాంగ్‌యున్ పేరు పక్కన అధికారికంగానే 6 అనే అంకె ఉంటుంది. ఆ సంఘంలో ఆ పేరుతో చేరిన ఆరో క్రీడాకారిణి ఆమె. తికమక తప్పించడానికి ఇచ్చిన అంకె ఆమె పేరులో భాగమైపోయింది.

మూడో కారణం మీద పెద్దగా దృష్టి పడదు, తెలుగు పాఠకులకు మాత్రం ఇది రోజూ ఎదురయ్యేదే. ఒక లిపిలో వేరుగా ఉన్న పేర్లు మరో లిపిలోకి రాగానే ఒకటైపోతాయి. చైనాలో చాలా ఎక్కువమందికి ఉన్న పేర్లలో ‘చాంగ్ వే’ ఒకటి. ‘వే’ అనే ధ్వనికి చైనా లిపిలో చాలా అక్షరాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో అర్థం, ఒక్కో స్వరం. అక్కడ వేర్వేరు పేర్లుగా ఉన్నవి రోమన్ లిపిలో ఒకే పేరవుతాయి. తెలుగులోనూ అంతే. ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాల స్పెల్లింగులున్న జాన్, మార్క్, కేథరిన్, షాన్ వంటి పేర్లకు తెలుగులో ఒక్కటే రూపం. మూలంలో కంటికి కనిపించే తేడా మన వార్తల్లోకి వచ్చేసరికి మాయమవుతుంది.

కొన్నిసార్లు లిపి కూడా కాపాడదు. 2011లో ఫ్రెంచ్ ఓపెన్, 2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన టెన్నిస్ తార లీ నా, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో జంట డైవింగ్ స్వర్ణం గెలిచిన లీ నా వేర్వేరు మనుషులు. చైనా లిపిలోనూ వాళ్ల పేర్లు ఒకేలా రాస్తారు.

తండ్రి, ఊరు, అంకె

పాత సమాజాలకు ఈ చిక్కు బాగా తెలుసు. వాటి పరిష్కారాలు చాలావరకు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఊరి పేరు అన్నిటికంటే తేలికైన గుర్తు. గ్రీకు తత్వశాస్త్రంలో కదలిక అసాధ్యమని చిక్కుముడులు వేసిన జీనో ఎలియా ఊరివాడు. స్టోయిక్ మార్గాన్ని స్థాపించిన జీనో సిటియమ్‌వాడు. ఊరి పేరు వదిలేసి ‘జీనో అన్నాడు’ అని రాస్తే ఆ వాక్యానికి విలువే లేదు.

కుటుంబంలో పేరు తిరిగి వస్తే వయసు గుర్తవుతుంది. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైన క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ పెద్ద ప్లినీ. ఆ ఘటనను ఉత్తరాల్లో వర్ణించిన మేనల్లుడు చిన్న ప్లినీ. ఇబ్న్ రుష్ద్‌ల విషయం ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆ పేరుగల న్యాయశాస్త్ర పండితుడు 1126లో చనిపోయాడు. అదే ఏడాది పుట్టిన మనవడు, అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానాలతో ప్రపంచ ప్రసిద్ధుడైన తత్వవేత్త. అరబ్బీ సంప్రదాయం వాళ్లను ‘తాత’, ‘మనవడు’ అనే మాటలతోనే విడదీస్తుంది.

బాసెల్ నగరపు బెర్నూలీ కుటుంబంలో పెద్ద, చిన్న అనే మాటలు సరిపోలేదు. కొన్ని తరాలపాటు గణిత శాస్త్రవేత్తలను కన్న ఆ ఇంట్లో యాకోబ్‌లు ఇద్దరు, యోహాన్‌లు ముగ్గురు, నికోలస్‌లు ఇద్దరు. చరిత్రకారులు రాజులకు వేసినట్టే వాళ్లకూ అంకెలు వేశారు. ‘బెర్నూలీ సంఖ్యలు’ యాకోబ్‌వి, 1713లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉన్నాయి. ‘బెర్నూలీ సూత్రం’ డేనియల్‌ది, 1738 నాటిది. పాఠ్యపుస్తకాల్లో ఇంటిపేరు ఒక్కటే ఉండటంతో రెండూ ఒకే మనిషివని విద్యార్థులు అనుకోవడం సహజం.

భారతీయ గణితంలోనూ అంకెలే ఆధారం. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసినవాడు మొదటి భాస్కరుడు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసినవాడు రెండవ భాస్కరుడు. మధ్యలో ఐదు వందల ఏళ్ల దూరం. ఈ అంకెలు వాళ్లు పెట్టుకున్నవి కావు, ఆధునిక చరిత్రకారులు వేసినవి. 1979లో, 1981లో ప్రయోగించిన భాస్కర-1, భాస్కర-2 ఉపగ్రహాల్లోని అంకెలు మాత్రం ప్రయోగాల వరుసవే. అవి ఇద్దరు భాస్కరులకు చెరొకటి అనుకుంటే పొరపాటు.

సైన్యాల్లో అంకెకు మరింత పని పడింది. 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ వద్ద జరిగిన పోరులో బ్రిటిష్ అత్యున్నత శౌర్య పురస్కారం అందుకున్నవాళ్లలో జోన్స్‌లు ఇద్దరు. ఇద్దరూ ఒకే దళం, ఒకే ఆసుపత్రి గదిని కాపాడినవాళ్లు. రికార్డుల్లో వాళ్లు ‘593 జోన్స్’, ‘716 జోన్స్’.

అంకెలున్నా చిక్కు తీరిపోతుందన్న హామీ లేదు. 1276లో పోప్ అయిన వ్యక్తి ఇరవై ఒకటో జాన్ అని పేరు తీసుకున్నాడు. ఇరవయ్యో జాన్ అంటూ ఎవరూ లేరు. అంతకుముందు లెక్కలో దొర్లిన పొరపాటు అలాగే స్థిరపడిపోయింది. ఇరవై మూడో జాన్‌లు మాత్రం ఇద్దరు కనిపిస్తారు. చర్చి చీలిపోయి ఉన్న కాలంలో, 1410లో ఒకరు ఆ పేరు తీసుకున్నారు. 1958లో పోప్ అయిన ఆంజెలో రోంకల్లీ అదే అంకెను మళ్లీ తీసుకున్నారు. మొదటాయన అసలు పోప్ లెక్కలోకి రాడని చెప్పినట్టయింది. ఇక్కడ అంకె గుర్తుగా మిగల్లేదు, తీర్పుగా మారింది.

స్కాట్లండ్‌లో ఇలాంటి అంకె ఒకటి గొడవకు దారితీసింది. 1952లో రాణి అయిన ఎలిజబెత్ ‘రెండవ’ ఎలిజబెత్. మొదటి ఎలిజబెత్ ఇంగ్లండ్‌కే రాణి, స్కాట్లండ్‌కు ఎప్పుడూ కాదు. ‘రెండవ’ అనే గుర్తున్న పోస్టు డబ్బా ఒకదాన్ని 1953లో ఎడిన్‌బరోలో పేల్చేశారు. ఇంగ్లండ్ వరుస, స్కాట్లండ్ వరుస రెండింటిలో ఏ అంకె పెద్దదైతే ఇకపై దాన్నే వాడదామని అప్పటి ప్రధాని సూచించారు. ఆ ప్రధాని 1899లో ఉత్తరం రాసిన చర్చిలే. తర్వాత స్కాట్లండ్ పోస్టు డబ్బాల మీద అంకె లేకుండా అక్కడి కిరీటం బొమ్మ మాత్రమే వేశారు.

ఇద్దరు ఒక్కరైతే, ఒక్కరు ఇద్దరైతే

తోడు గుర్తు పోయినప్పుడు చరిత్రలో జరిగే నష్టం రెండు రకాలు. ఎక్కువగా జరిగేది ఇద్దరిని కలిపేయడం.

భూమి చుట్టూ గ్రహాలు తిరుగుతాయన్న పద్ధతిని గ్రంథస్థం చేసిన ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్నాడు. అదే నగరం నుంచి ఈజిప్టును ఏలిన టాలెమీ రాజవంశం క్రీ.పూ. 30లో క్లియోపాత్రాతోనే ముగిసింది. ఊరు ఒకటే, పేరు ఒకటే కావడంతో మధ్యయుగ ఐరోపా ఆయన్ని రాజుగా భావించింది. 1509–1511 మధ్య రఫేల్ వాటికన్ గోడ మీద వేసిన ఏథెన్స్ విద్యాలయ చిత్రంలో, చేతిలో గోళంతో నిలబడ్డ టాలెమీ తల మీద కిరీటం ఇప్పటికీ కనిపిస్తుంది. పేరు దగ్గర జరిగిన పొరపాటు ఇలా బొమ్మకెక్కి, ఐదు వందల ఏళ్లుగా లక్షల మంది కళ్ల ముందు ఉంది.

నాగార్జునుడి విషయంలో పొరపాటు ఆయుష్షునే పెంచింది. మాధ్యమిక బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు క్రీ.శ. రెండో శతాబ్దం ప్రాంతంవాడు. రసవాద గ్రంథాలు రాసిన నాగార్జునుడు ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు వచ్చినవాడని చరిత్రకారులు భావిస్తారు. సంప్రదాయం ఇద్దరినీ ఒక్కరిగా చూసింది. మరి ఆ ఒక్కడు అన్ని కాలాల్లోనూ ఉండాలి కదా? టిబెట్ గాథలు ఆయనకు ఆరు వందల ఏళ్ల ఆయుష్షు ఇచ్చాయి. ఒక వ్యక్తి జీవితం నమ్మలేనంత పొడవుగా, పనులు నమ్మలేనన్ని రంగాల్లో కనిపిస్తే, అక్కడ ఇద్దరు కలిసిపోయారేమో చూడాలి. పాత చరిత్రను పరిశీలించేవాళ్లకు ఇది బాగా అక్కరకొచ్చే సూచన.

కలిపివేత వల్ల పరువుకే నష్టం జరిగిన ఉదాహరణ మగ్దలేనె మరియది. 591లో పోప్ గ్రెగొరీ తన ప్రసంగంలో ముగ్గురిని ఒక్కరిగా చెప్పాడు: మగ్దలేనె మరియ, బేతనియ మరియ, సువార్తలో పేరు లేకుండా కనిపించే ఒక పాపాత్మురాలు. మగ్దలేనె మరియను పతితగా చూపే లెక్కలేనన్ని చిత్రాలకు, కథలకు బలం ఆ ప్రసంగమే. క్యాథలిక్ చర్చి తన పంచాంగాన్ని సవరించి వాళ్లను విడదీసింది 1969లో. మధ్యలో దాదాపు 1,400 ఏళ్లు గడిచాయి. సవరణ వచ్చాక కూడా పాత కథే ఎక్కువమందికి తెలుసు.

రెండో రకం నష్టం, అంటే ఒక్కరిని ఇద్దరు చేయడం, తక్కువగా జరుగుతుంది. పదకొండో శతాబ్దపు పండితుడు అల్ బిరూనీ, ఆర్యభటులు ఇద్దరున్నారని రాశాడు. ఆయన చెప్పిన ఇద్దరూ నిజానికి ఒక్కరేనని, క్రీ.శ. 476లో పుట్టిన ఆర్యభటుడేనని 1926లో విభూతిభూషణ్ దత్తా వాదించారు. దీనితో సంబంధం లేకుండా పదో శతాబ్దంలో మహాసిద్ధాంతం రాసిన మరో ఆర్యభటుడు ఉన్నాడు. అంటే ఆర్యభటులు ఇద్దరన్నది నిజమే, అల్ బిరూనీ చెప్పిన ఇద్దరు మాత్రం వాళ్లు కారు.

తెర మీద, మైదానంలో

ఇరవయ్యో శతాబ్దంలో పేరుకు డబ్బు విలువ వచ్చింది. పోస్టర్ మీద పేరు చూసి జనం టికెట్ కొంటారు కాబట్టి, అమెరికా, బ్రిటన్ నటుల సంఘాలు గట్టి నియమం పెట్టుకున్నాయి. ఒకే వృత్తినామంతో ఇద్దరు సభ్యులు ఉండకూడదు. ముందు చేరినవాళ్లదే పేరు.

ప్రేక్షకులకు తెలిసిన ఎన్నో పేర్లు ఈ నియమం నుంచి పుట్టినవే. మైఖేల్ కీటన్ అసలు పేరు మైఖేల్ డగ్లస్. ఆ పేరుతో అప్పటికే ఒక నటుడున్నాడు. డయాన్ కీటన్ అసలు డయాన్ హాల్. ఆ పేరు సంఘంలో నమోదై ఉండటంతో తల్లి పుట్టింటి ఇంటిపేరు తీసుకున్నారు. ఎమిలీ స్టోన్‌కు ఎమ్మా అని మారక తప్పలేదు. మైఖేల్ జె. ఫాక్స్ పేరులోని ‘జె’ ఆయన అసలు పేరులో లేదు, మధ్య పేరు ఆండ్రూ. మైఖేల్ ఫాక్స్ అనే నటుడు అప్పటికే ఉన్నాడు కాబట్టి తనకు నచ్చిన నటుడు మైఖేల్ జె. పోలార్డ్ పేరులోంచి ఆ అక్షరం తెచ్చుకున్నాడు. సంగీతంలో అలాంటి నియమం లేకపోయినా ఒత్తిడి అదే. డేవిడ్ జోన్స్ అనే యువ గాయకుడు 1960ల్లో డేవిడ్ బోవీ అయ్యాడు, మంకీస్ బృందంలో డేవీ జోన్స్ అప్పటికే ప్రసిద్ధుడు కావడంతో.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారి కూడా ఒకటుంది. కావాలనే ఇంకొకరి పేరు పెట్టుకోవడం. జర్మన్ స్వరకర్త ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ 1893లో ప్రదర్శితమైన ఒక ఒపేరాతో పేరు పొందాడు. మద్రాసులో పుట్టిన ఆర్నాల్డ్ డోర్సీ అనే బ్రిటిష్ గాయకుడు 1960ల్లో ఆ పేరునే తన రంగస్థల నామం చేసుకున్నాడు. ఒకసారి వింటే మర్చిపోలేని పేరు కావడమే దాని బలం. జర్మనీలో మాత్రం ఆయన ఒట్టి ‘ఎంగెల్‌బర్ట్’గానే పాడాడు. స్వరకర్త పేరు బాగా తెలిసిన నేల కదా.

ఫుట్‌బాల్‌లో బ్రెజిల్ జట్టు ఒకే పేరును ఎలా సాగదీసిందో చూస్తే ఈ విషయం మరింత బాగా అర్థమవుతుంది. 1994 ప్రపంచకప్ జట్టులో ఇద్దరు రొనాల్డోలు ఉన్నారు. పెద్దవాడైన డిఫెండర్‌ను రొనాల్డావ్, అంటే పెద్ద రొనాల్డో అన్నారు. 17 ఏళ్ల కుర్రవాణ్ని రొనాల్డీన్యో, అంటే చిన్న రొనాల్డో అన్నారు. 1996 ఒలింపిక్స్‌లోనూ వయసులో పెద్దవాడైన మరో రొనాల్డో జట్టులో ఉండటంతో ఆ కుర్రవాడి చొక్కా మీద రొనాల్డీన్యో అనే ఉంది. తర్వాత ఇంకో చిన్న రొనాల్డో వచ్చాడు. ‘చిన్న’ అనే గుర్తు అప్పటికే వాడేసి ఉంది కాబట్టి అతను పుట్టిన రాష్ట్రాన్ని సూచిస్తూ రొనాల్డీన్యో గౌషో అన్నారు. 2002 ప్రపంచకప్ నాటికి మొదటి కుర్రవాడు జట్టులో అసలు రొనాల్డో అయిపోయాడు, రెండో అతను రొనాల్డీన్యోగా స్థిరపడ్డాడు. పాత మ్యాచ్‌ల రికార్డులు చూసేవాళ్లు ఏడాది చూడకుండా ‘రొనాల్డీన్యో’ అన్న మాటను నమ్మితే ఒకరి గోల్స్ మరొకరికి రాసేస్తారు. పోర్చుగల్‌కు చెందిన క్రిస్టియానో రొనాల్డోకు ఈ వరుసతో సంబంధం లేదు. ఆయనకు ఆ పేరు అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ నుంచి వచ్చింది.

పెద్ద పేరు నీడలో

నియమాలు లేని చోట పేరు ఎక్కువ ప్రసిద్ధుల వైపు ఒరిగిపోతుంది. ఆంగ్ల నవలా రచయిత్రి ఎలిజబెత్ టేలర్ మొదటి నవల 1945లో వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే అదే పేరున్న బాలనటి ఒక సినిమాతో ప్రపంచమంతా తెలిసిపోయింది. రచయిత్రి ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు మంచి నవలలు, కథలు రాశారు. విమర్శకులు మెచ్చుకున్నారు. ఆమెకు వచ్చే ఉత్తరాల్లో మాత్రం ఫొటోలు పంపమని అడిగేవీ ఉండేవి. ఆ రచనలకు రావాల్సినంత గుర్తింపు రాకపోవడానికి పేరు కూడా ఒక కారణమని చాలామంది సాహిత్య విమర్శకులు భావిస్తారు.

రంగాలు దూరంగా ఉంటే నష్టం తక్కువ. తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ (1561–1626), చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ (1909–1992) ఇద్దరూ ఎవరి చోట వాళ్లు నిలిచారు. పాప్ గాయకుడు మైఖేల్ జాక్సన్, బీరు గురించి రాసి పేరు తెచ్చుకున్న బ్రిటిష్ రచయిత మైఖేల్ జాక్సన్ ఒకే కాలంలో జీవించారు. ఒకరి అభిమానులు మరొకరి పుస్తకాలు పొరపాటున కొనే అవకాశం తక్కువే. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైఖేల్ జోర్డాన్, నటుడు మైఖేల్ బి. జోర్డాన్, మెషీన్ లెర్నింగ్‌లో అగ్రశ్రేణి శాస్త్రవేత్త మైఖేల్ ఐ. జోర్డాన్‌ల విషయంలో ఒక్క అక్షరమే గోడ.

ఆ గోడ ఇప్పుడు బలహీనపడుతోంది. వెతికేవాళ్లు ఫోన్లో మధ్య అక్షరం టైప్ చేయరు. సెర్చ్ ఇంజిన్ ఎక్కువమంది నొక్కిన ఫలితాన్ని పైకి తెస్తుంది, పైకి వచ్చినదాన్నే మళ్లీ ఎక్కువమంది నొక్కుతారు. పేరు పక్కన కనిపించే సమాచార పెట్టెను యంత్రమే రకరకాల చోట్ల నుంచి పోగుచేస్తుంది కాబట్టి, ఒకరి ఫొటో కింద మరొకరి పుట్టిన తేదీ వచ్చే ప్రమాదం ఉంది. కృత్రిమ మేధతో చిక్కు ఇంకో మెట్టు ఎక్కింది. భాషా నమూనాలు పేరు చుట్టూ ఉండే మాటల నుంచి నేర్చుకుంటాయి. తక్కువ రాతలున్న వ్యక్తి గురించి అడిగితే, అదే పేరున్న ఎక్కువ రాతల వ్యక్తి వివరాలు అందులో కలుస్తాయి. ముందు ఇద్దరి లింకులు విడివిడిగా కనిపించేవి, ఇప్పుడు ఒకే పేరాలో అతికి, చదవడానికి నున్నగా వస్తాయి. దాదాపు అదే పేరున్న ఉగ్రవాద దోషి వివరాలను తన వివరాలతో కలిపి చూపించిందంటూ అమెరికాలో ఒక వైమానిక రంగ నిపుణుడు 2023లో ఒక సెర్చ్ సంస్థ మీద కోర్టుకు వెళ్లాడు. టాలెమీ కిరీటం కథలో జరిగిందీ ఇదే. తేడా వేగంలో ఉంది.

తికమకను వాడుకునేవాళ్లు

పేరు తికమక ఎప్పుడూ అనుకోకుండా జరిగేదే కాదు. 2021లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ ఎన్నికల్లో ప్రతిపక్ష నేత బోరిస్ విష్నెవ్‌స్కీకి పోటీగా మరో ఇద్దరు బోరిస్ విష్నెవ్‌స్కీలు బరిలోకి దిగారు. వాళ్లు పేరు మార్చుకోవడమే కాదు, ఫొటోల్లో బట్టతల, నెరిసిన గడ్డంతో అచ్చం ఆయనలాగే కనిపించారు. ఆ నియోజకవర్గంలో ఆయన ఓడిపోయారు. భారత్‌లో 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో చందూలాల్ సాహు అనే అభ్యర్థికి పోటీగా అదే పేరు, దానికి దగ్గరి పేర్లు గలవాళ్లు పలువురు స్వతంత్రులుగా నిలబడ్డారు. ఆయన 1,217 ఓట్ల తేడాతో బయటపడ్డారు.

పరిష్కారంగా భారత ఎన్నికల సంఘం 2015 నుంచి బ్యాలెట్ మీద అభ్యర్థుల ఫొటో పెట్టింది. తోడు గుర్తు అనే పాత ఉపాయమే ఇది. సెయింట్ పీటర్స్‌బర్గ్ అనుభవం చూస్తే ఫొటో కూడా పూర్తి రక్షణ కాదని తెలుస్తుంది. ఒకే పేరున్నవాళ్లు పోటీ చేయకుండా ఆపాలన్న పిటిషన్‌ను 2024లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కారణంగా ఒకరి పోటీ హక్కును ఎలా తీసేస్తామన్నదే అక్కడి ప్రశ్న. ఆ ప్రశ్నలో బలముంది. పేరు నేరం కాదు కాబట్టి, ఉద్దేశం ఏమిటో రుజువు చేయకుండా ఆపడం కష్టం.

పేరును నేరంలా చూసిన సందర్భాలూ ఉన్నాయి. 2004లో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీని విమానాశ్రయాల్లో పలుమార్లు ఆపారు. నిఘా జాబితాలో ఎవరో వాడుకున్న మారుపేరు ‘టి. కెన్నెడీ’. టెడ్ అనే పేరుతో దేశమంతా గుర్తుపట్టే ఆ సెనేటర్‌కే ఈ చిక్కు వదిలించుకోవడానికి రోజుల తరబడి పట్టిందంటే, ఫోన్ చేయడానికి పెద్ద అధికారి ఎవరూ తెలియని మామూలు ప్రయాణికుల టెన్షన్ ఎంతో ఊహించవచ్చు. తర్వాత వచ్చిన పద్ధతిలో పూర్తి పేరు, పుట్టిన తేదీ, స్త్రీ పురుష వివరం మూడూ కలిపి సరిచూడటం తప్పనిసరి చేశారు.

పదహారు అంకెల పేరు

అచ్చు పుస్తకాల లోకం ఈ పని ఎప్పుడో మొదలుపెట్టింది. శామ్యూల్ బట్లర్ అనే ఆంగ్ల రచయితలు ఇద్దరున్నారు. ఒకరు పదిహేడో శతాబ్దపు వ్యంగ్య కవి, మరొకరు 1835లో పుట్టిన నవలాకారుడు. లైబ్రరీ కేటలాగులో పేరు పక్కన జనన మరణ సంవత్సరాలు రాయడం ఇలాంటివాళ్ల కోసమే. సినిమా డేటాబేస్‌లో పేరు పక్కన రోమన్ అంకె వేస్తారు. వికీపీడియాలో ఒకే పేరున్నవాళ్ల జాబితాకు ప్రత్యేక పేజీ ఉంటుంది. తెలుగు వికీపీడియా దానికి పెట్టిన పేరు ‘అయోమయ నివృత్తి’. పనికి సరిగ్గా అతికిన మాట అది.

పరిశోధకుల కోసం 2012 అక్టోబరులో ఓర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు మొదలైంది. ఒకే ఇంటిపేరు, ఒకే ఇనీషియల్‌తో వందల మంది రాసే రంగాల్లో, ఒకరి పత్రాలు మరొకరి లెక్కలోకి పోతే ఉద్యోగాలు, నిధులు, పదోన్నతులు తారుమారవుతాయి. పెళ్లి తర్వాతో, మరో కారణంతోనో పేరు మార్చుకున్నవాళ్లకు ఎదురయ్యే చిక్కు దీనికి తిరగేసిన రూపం. ఒకే మనిషి పని రెండు పేర్ల మధ్య చీలిపోతుంది. నంబరు ఈ రెండు చిక్కులకూ పనికొస్తుంది, ఎందుకంటే అది పేరును ఆధారం చేసుకోదు.

దానికీ ఒక హద్దుంది. ఓర్కిడ్ ఎవరికి వాళ్లు నమోదు చేసుకునేది. చనిపోయినవాళ్లు చేసుకోలేరు. వెనకటి శతాబ్దాల రచయితలను విడదీసే పని ఇప్పటికీ మనుషులదే. ఒక కరపత్రం మీద ‘జె. స్మిత్’ అని మాత్రమే ఉంటే, కాగితం, ముద్రాపకుడు, భాష, అందులో చెప్పిన సంఘటనలు అన్నీ చూసి కేటలాగు చేసేవాళ్లు ఒక అంచనాకు వస్తారు. ఆధారం సరిపోనప్పుడు బలవంతంగా ఎవరికీ అంటగట్టరు. ఎవరిదో తేలని అలాంటి రచనలను ఒకే శీర్షిక కింద ఉంచి, ఇంకొక ఉత్తరమో, ఇంకొక తేదీయో దొరికిన రోజున ఒక్కొక్కరినీ బయటికి తీస్తారు.